నాలుగు రోజుల విదేశం

మరిడమ్మకు విదేశం అంటే ఒక వంటగది. తెల్ల పలకల గోడలు, ఊచలున్న కిటికీ, ఇంట్లో ఆఖరి మనిషి పడుకునేదాకా ఆరని ట్యూబులైటు. కువైట్‌లో తొమ్మిదేళ్ళుండి వచ్చిన మనిషి కదా అని వాడకట్టు ఆడవాళ్ళు కూర్చోబెట్టి "అక్కడ మేడలు ఆకాశానికి తగుల్తాయంట కదే?" అని అడిగితే "తగుల్తాయంట" అనేది. వాళ్ళు విన్నంతే ఆమే విన్నది. చూసింది మాత్రం ఆ వంటగది, దాని వెనక బియ్యం బస్తాల కొట్టు, బట్టలారేసే డాబా.

ఇది ఆమె ఒక్కదాని చేతకానితనం అనుకోకండి. రాజోలు నుంచి మామిడికుదురు దాకా రోడ్డు పక్కన లేచిన డాబాల్లో ఎన్ని ఇలాంటి వంటగదుల్లోంచి లేచాయో ఎవరూ రాసిపెట్టలేదు. గుమ్మం మీద చెక్కించిన పేరు మాత్రం మగవాడిదే ఉంటుంది.

కరోనా ఏడాది తిరిగొచ్చాక మరిడమ్మ పద్మావతిగారి కొబ్బరి కొట్టులో పనికి కుదిరింది. కాయలకు పీచు తీయడం, పెంకు తీయడం. చేతులు పని చేస్తుండేవి. మనిషి ఎక్కడుందో చెప్పడం కష్టం. కొడుకు ఉదయ్ పెళ్ళిలో అక్షింతలు వెయ్యమంటే వేసింది, ఫొటోకి నవ్వమంటే నవ్వింది. ఆ ఫొటో చూసి కొడుకే "అమ్మ నవ్వినట్టు లేదు, పన్ను చూపించినట్టుంది" అన్నాడు. అది విని కూడా ఆమె అలాగే నవ్వింది.

ఆమెలో కాస్త కదలిక కనబడేది శుక్రవారం సాయంత్రం ఒక్కటే. కువైట్‌లో శుక్రవారం గంటసేపు ఫోను చేతికిచ్చేవారు. ఆ అలవాటు పోలేదు. శుక్రవారం కుసుమ ఫోను చేస్తుంది. కుసుమది శ్రీలంక. ఇద్దరూ ఒకే ఇంట్లో, ఒకే వంటగదిలో పనిచేశారు. ఈమెకు సింహళం రాదు, ఆమెకు తెలుగు రాదు. ఇద్దరికీ వచ్చింది ఆ వంటగదిలో తిట్లు తింటూ నేర్చుకున్న ముక్కల అరబ్బీ. మామిడికుదురులో తన ఇంటి అరుగు మీద కూర్చుని కొబ్బరి కొట్టు పనిమనిషి అరబ్బీలో మాట్లాడుతుంటే పిల్లలు మూగేవారు. "మరిడమ్మ మంత్రాలు చదువుతోందే" అని ఆడవాళ్ళు నవ్వేవారు.

ఒక శుక్రవారం కుసుమ "తాలీ" అంది. రా అని. ఎప్పుడూ ఏదీ అడగని మనిషి. షుగరు ముదిరి ఆమె కాలు తీసేశారని మరిడమ్మకు తెలుసు, వినే ఉంది. ఫోనులో ఎప్పుడూ మొహమే కనబడేది.

"తాలీ, ఉఖ్తీ" అంది మళ్ళీ. రా, అక్కా.

 మరిడమ్మ ఫోను పెట్టేసి, బియ్యం కడిగి ఎసట్లో పోసింది. అక్క కూతురు హేమ గుమ్మంలో నిలబడి అంతా వింది. హేమ రాజోల్లో సెల్‌ఫోన్ల షాపులో పనిచేస్తుంది. నోరూ ఎక్కువే, ధైర్యమూ ఎక్కువే.

"ఏమంటోంది పిన్నీ ఆవిడ?"

"రమ్మంటంది."

"మరి ఎల్దాం."

"ఎక్కడికే?"

"శ్రీలంకకే. మనకి దగ్గర పిన్నీ. విమానం ఎక్కి టిఫిను తినేలోపు దింపేస్తాడంట. మన పద్మావతిగారు సింగపూరు ఎల్లొచ్చిన ఖర్చులో మనిద్దరం ఎల్లొచ్చేయొచ్చు. నాలుగు రోజులు. అంతే."

మరిడమ్మ పొయ్యి వైపు చూస్తూ నిలబడింది. రెండేళ్ళని చెప్పి తీసుకెళ్ళారు ఆమెను. గుమ్మంలో అడుగుపెట్టగానే పాస్‌పోర్టు తీసుకుని బీరువాలో పెట్టి తాళం వేసింది ఇంటావిడ. రెండేళ్ళు తొమ్మిదేళ్ళయ్యాయి. మధ్యలో ఇక్కడ రాజోల్లో ఆటో తోలుకునే మొగుడు ముత్యాలు గుండె ఆగి పోయాడు. పంపించమని కాళ్ళు పట్టుకుంటే "పోయినవాడు పోయాడు, నువ్వెళ్ళి ఏం చేస్తావు, పండగ నెలలో వంటెవరు చేస్తారు?" అందావిడ. ఆ రోజు కుసుమ మరిడమ్మను బియ్యం బస్తాల కొట్లోకి తీసుకెళ్ళి కూర్చోబెట్టి తలుపేసింది. ఆమెకు జ్వరమని ఇంటావిడకు చెప్పి, ఇద్దరి పనీ తనే చేసింది. మరిడమ్మ బస్తాకు ఆనుకుని కూర్చుంది. ఏడుపు రాలేదు. చాలాసేపు కూర్చుంటే కాలు తిమ్మిరెక్కినట్టు లోపలేదో తిమ్మిరెక్కింది. లేచాక కాలి తిమ్మిరి వదిలింది.

ఆ కుసుమ రమ్మంటోంది. వెళ్ళాలి. వెళితే మళ్ళీ రానివ్వరేమో. ఈ రెండు మాటలూ పక్కపక్కనే ఉండేవి మరిడమ్మ బుర్రలో, పేచీ కూడా పడకుండా.

"అన్నం మాడుతోంది పిన్నీ" అని హేమే వెళ్ళి దించింది.

*

సెలవు అడగడానికి పద్మావతిగారి దగ్గరకు వెళ్ళింది. ఆవిడ వరండాలో కుర్చీ వేసుకుని కాయల లోడు ఎక్కించే లారీ వంక చూస్తోంది.

"అమ్మగారండి, నాలుగు రోజులు రానండి. శ్రీలంక ఎల్తన్నానండి."

"మళ్ళీ వీసా వచ్చిందేమే? శ్రీలంకలో ఏం పనుంటుంది, వాళ్ళకే లేదంట కదా తిండి?"

"పనికి కాదండి. చూడ్డానికండి."

"చూడ్డానికా?"

"ఆయ్."

పద్మావతిగారు లారీ మీంచి చూపు తిప్పి మరిడమ్మను పైనుంచి కింద దాకా చూసింది. కోపమేమీ లేదు ఆ చూపులో. నమ్మకం కుదరక చూసింది, అంతే. కాసేపటికి మెత్తబడింది.

"సింగపూరు ప్రయాణమప్పుడు నాకు నెల్లాళ్ళు నిద్ర పట్టలేదే. అక్కడ కదిలే మెట్లుంటాయి చూడు, వాటి మీద కాలెయ్యాలంటే ఒళ్ళంతా వణుకే. టూరువాళ్ళు చెయ్యట్టుకు ఎక్కించేరు. మీ అయ్యగారు ముందరే ఎక్కిపోయి కిందనున్న నన్ను చూసి ఒకటే నవ్వు. నీకేం భయమే, తొమ్మిదేళ్ళున్న దానివి."

"భయమేనండి."

"దేనికే?"

"తెలీదండి."

"ఆవకాయ పట్టుకెళ్ళు. జ్వరం బిళ్ళలు పట్టుకెళ్ళు. డబ్బంతా ఒకే చోట పెట్టకు" అని చెప్పి, సెలవిచ్చింది. మనసున్న మనిషే. కానీ ఒక మాట చెప్పాలి. ఇద్దరిదీ భయమే. ఒకరి భయానికి చెయ్యందించడానికి టూరు కంపెనీలున్నాయి, కొట్టులో కూర్చుని చెప్పుకుంటే నవ్వడానికి పదిమంది ఉంటారు. ఇంకొకరి భయం చూస్తే జనానికి అనుమానం వస్తుంది. ఇది దేనికి వెళుతోందో అని.

వాడకట్టులోనూ అదే. "ఏజెంటెవరే?" అని ఒకరు, "ఎన్నేళ్ళకే?" అని ఒకరు. నాలుగు రోజులకని చెబితే "మాకు చెప్పవులే" అని మూతి తిప్పుకున్నారు.

*

టికెట్లు, వీసా రాజోలు బస్టాండు దగ్గర దుర్గారావు చేయించాడు. అతనిది నెట్ సెంటరు. జెరాక్సులు, ఫొటోలు, గల్ఫ్ టికెట్లు అన్నీ అక్కడే.

"పాస్‌పోర్టులు ఇచ్చెల్లండి పిన్నిగారూ. రేపొచ్చి తీసుకోండి. సర్వరు నెమ్మదిగా ఉంది."

మరిడమ్మ మారు మాట్లాడకుండా జాకెట్టులోంచి తీసి చేతికిచ్చింది. తర్వాత వెళ్ళి బయట బల్ల మీద కూర్చుంది. హేమ పిలిచినా లేవలేదు. బస్సు వచ్చింది, వెళ్ళింది. ఇంకోటి వచ్చింది, వెళ్ళింది.

"ఎంతసేపు కూర్చుంటారండి అలాగ?" దుర్గారావు బయటకొచ్చాడు. "మా ఇంట్లో బంగారంలా బీరువాలో దాస్తానండి బాబూ."

"దాచొద్దు బాబూ" అంది మరిడమ్మ. "బల్ల మీద పెట్టుకో. దాచొద్దు."

దుర్గారావు నవ్వబోయి ఆగాడు. గల్ఫ్ టికెట్లు చేసేవాడికి ఆ మాట అర్థం కాకపోదు. ఉన్న పనంతా పక్కన పెట్టి, వీళ్ళ పని కానిచ్చి, రెండు పాస్‌పోర్టులూ తెచ్చి ఆమె ఒళ్ళో పెట్టాడు. ఇంకో కాగితం కూడా ఇచ్చాడు హేమకు.

"ఇది హోటలు బుకింగు. ఎల్లకపోతే డబ్బులు పోవు, తర్వాత కొట్టేద్దాం. ఎయిర్‌పోర్టులో అడిగితే హోటల్లో దిగుతాం, ఊరు చూసి వచ్చేస్తాం అని చెప్పండి. స్నేహితురాలి ఇల్లనకండి."

"నిజం చెప్తే తప్పేటండి?" అంది హేమ.

"తప్పు లేదమ్మా. నమ్మరు. పిన్నిగారి పాత పాస్‌పోర్టులో ఉన్నవి కువైటు ముద్రలే. చదువా లేదు. చూడ్డానికెల్తన్నా అంటే ఎవడు నమ్ముతాడు?"

మరిడమ్మ బల్ల మీదే ఉంది. చాలా ఏళ్ళ కిందట ఒక లాడ్జిలో ఏజెంటు ఇలాగే ఆడవాళ్ళందర్నీ వరసగా కూర్చోబెట్టి ఒక మాట నేర్పాడు. 'చూడ్డానికి. మా అక్క ఇంటికి.' నిద్రలో లేపి అడిగినా అదే చెప్పాలన్నాడు. చెప్పింది. ముద్ర పడింది. వంటగదిలోకి వెళ్ళింది.

బయల్దేరే ముందు రోజు హేమ సంచి తెరిచి చూసి నెత్తి కొట్టుకుంది. తలనొప్పి బిళ్ళలు పెట్టెడు, బట్టల సబ్బులు అరడజను, సూదీ దారం, టూత్‌పేస్టులు, ఆవకాయ, పెద్ద దేవుడి పటం.

"రెండేళ్ళకి సర్దినట్టు సర్దేవేటి పిన్నీ? నాలుగు రోజులు! ఈ పూతరేకులు ఎవరికి?"

"కుసుమకే."

"ఆవిడకి షుగరు!"

మరిడమ్మ పూతరేకుల పెట్టె తీసి పక్కన పెట్టి, "మరిచిపోయేను" అంది. హేమ అప్పటికప్పుడు బండారులంక వెళ్ళి కుసుమకు ఒక నేత చీర కొనుక్కొచ్చింది. సబ్బులు తీసేసింది. రైలెక్కాక సంచి తెరిస్తే సబ్బులు మళ్ళీ ఉన్నాయి.

*

పెద్ద ఊళ్ళో ఎయిర్‌పోర్టు. రెండు వరసలు. హేమ పక్క వరసలో ముందరే దాటిపోయి, అద్దం అవతల నిలబడి చెయ్యూపింది. మరిడమ్మ వంతొచ్చింది. గాజు వెనక యూనిఫారంలో ఉన్న కుర్రవాడు పాస్‌పోర్టు తిప్పుతూ, తలెత్తకుండా ఎక్కడికి అని హిందీలో అడిగాడు.

"అనా రూహ్ బైత్ ఉఖ్తీ" అంది మరిడమ్మ.

చెల్లి ఇంటికి వెళ్తున్నానని. అరబ్బీలో. కావాలని అనలేదు. తలెత్తకుండా అడిగే మనుషులందరూ తొమ్మిదేళ్ళు ఆమెను ఆ భాషలోనే అడిగారు. నోరు దానంతటది తెరుచుకుని ఆ భాషలోనే జవాబిచ్చేసింది.

ఆ కుర్రవాడు తలెత్తాడు. ఆమెను పక్కకు నిలబెట్టారు. తర్వాత ఒక గదిలో కూర్చోబెట్టారు. కొంతసేపటికి ఒక ఆడ ఆఫీసరు వచ్చింది. చొక్కా మీద భవానీదేవి అని ఉంది. తెలుగు మనిషి.

"అమ్మా, మాదీ గోదావరే. భయపడకండి. నిజం చెప్పండి, ఎవరు పంపుతున్నారు మిమ్మల్ని?"

"ఎవరూ పంపట్లేదండి. నేనే ఎల్తన్నానండి."

"అందరూ ఇదే చెప్తారమ్మా. కొలంబోలో దింపుతారు, అక్కడ ఇంకో టికెట్టు చేతిలో పెట్టి గల్ఫ్‌కి ఎక్కించేస్తారు. మీలాంటివాళ్ళని ఎంతమందిని ఆపేనో లెక్కలేదు. మీ మంచికే ఆపుతాం." కాగితాలు తిరగేసింది. "ఇక్కడ హోటలు అని ఉంది. మీరేమో చెల్లి ఇల్లు అన్నారు. ఏది నిజం?"

"హోటలు అబద్ధమండి."

"మరి చెల్లి?"

"సొంత చెల్లి కాదండి. కువైట్‌లో కలిసి పనిచేసేమండి. కాలు తీసేసేరండి దానికి. చూడ్డానికెల్తన్నానండి."

"ఆవిడతో ఏ భాషలో మాట్లాడతారు?"

"అరబ్బీయండి."

భవానీదేవి కలం కింద పెట్టి ఊపిరి వదిలింది. తెలుగామె, సింహళామె, అరబ్బీ, అబద్ధపు హోటలు. ఏ ఆఫీసరు మాత్రం నమ్ముతుంది? ఆమెను తప్పుపట్టడానికి లేదు. ఆమె తన పని తాను చేస్తోంది.

"తిరిగి వెళ్ళిపోండమ్మా" అంది మెల్లగా. "మళ్ళీ ఆ నరకంలోకి ఎందుకు?"

మరిడమ్మ లేవలేదు. గొంతు పెంచలేదు. కొట్టులో కాయలెన్నని అడిగితే చెప్పినట్టు చెప్పింది.

"అప్పుడు ఆపలేదేటండి?"

"ఎప్పుడు?"

"మొదటిసారండి. అప్పుడూ ఇలాంటి గాజు దగ్గరే అడిగేరండి. చూడ్డానికి, అక్క ఇంటికి అన్నానండి. అబద్ధమండి అది. ఏజెంటు నేర్పేడండి. ముద్రేసి పంపేసేరండి. అప్పుడు ఎవరైనా ఆపితే బాగుండునండి. ఇప్పుడు నిజంగా చూడ్డానికండి."

 గది అద్దం అవతల హేమ విమానం పేరున్న బోర్డుకేసి చేతులు ఊపుతోంది. విమానం ఎక్కే గేటు మూసేస్తారని సైగ.

"ఆవిడకి వీడియో కాల్ చేయండి" అంది భవానీదేవి.

కుసుమ మొహం వచ్చింది. మరిడమ్మ అరబ్బీలో రెండు ముక్కలు చెప్పింది. పోలీసు, నమ్మడం లేదు. కుసుమ అర్థం చేసుకుంది. ఆ మొహంలో కూడా పెద్ద మార్పేమీ లేదు. ఎవరూ అడగలేదు, ఎవరూ చూపించమనలేదు. ఆమె ఫోనును మెల్లగా కిందికి తిప్పింది. గౌను అంచు పైకి లాగింది. మోకాలి కింద ఏమీ లేదు.

మరిడమ్మ కూడా చూడటం అదే మొదటిసారి.

"శూఫీ" అంది కుసుమ గొంతు. చూడు.

భవానీదేవి మొహం తిప్పుకుంది. కాగితం మీద ఏదో గీకి, సంతకం చేసి, పాస్‌పోర్టు తనే తీసుకెళ్ళి ముద్ర వేయించుకొచ్చింది. "ఎల్లండమ్మా. పరిగెత్తండి" అంది. 

హేమ పిన్ని చెయ్యి పట్టుకుని పరిగెత్తింది. కదిలే మెట్లొస్తే ఇద్దరూ ఒకేసారి కాలేశారు. విమానంలో హేమ కళ్ళు మూసుకుని ఆంజనేయ దండకం మొత్తం చదివింది. మరిడమ్మ చేతులు ఒళ్ళో పెట్టుకుని ముందు సీటు వంక చూస్తూ కూర్చుంది. ఇచ్చిన నీళ్ళు తాగింది. దిగమంటే దిగింది.

*

కుసుమ ఇల్లు నెగొంబో దగ్గర ఒక సందులో. చుట్టూ కొబ్బరిచెట్లు. "ఇంత దూరం వచ్చింది కొబ్బరిచెట్లు చూడ్డానికా పిన్నీ?" అంది హేమ. గుమ్మం ముందు ప్లాస్టిక్ కుర్చీలో కుసుమ కూర్చుని ఉంది. మరిడమ్మ వెళ్ళి ఎదురుగా నిలబడింది. కౌగిలింతలేమీ లేవు. కుసుమ ఆమె చెయ్యి పట్టుకుని అరచేతిలో కొబ్బరి పీచు గీతల మీద వేలు రాసింది. కాస్సేపు రాస్తూనే ఉంది.

భోజనం పెట్టారు. ఎర్రబియ్యం, చేపల పులుసు. తిన్నాక మరిడమ్మ కంచాలన్నీ పోగేసి పంపు దగ్గరకు వెళ్ళిపోయింది. కుసుమ కోడలు పరిగెత్తుకొచ్చి చేతిలోంచి లాక్కుంది. మరిడమ్మకు ఏం చెయ్యాలో తోచలేదు. విదేశంలో ఒక ఇంట్లో ఊరికే కూర్చోవడం ఆమెకు తెలీదు. కుసుమ తన పక్క కుర్చీని చేత్తో తట్టింది. వెళ్ళి కూర్చుంది.

కూర్చున్నాక మాటలు అయిపోయాయి.

ఫోనులో ఎప్పుడూ గమనించలేదు. వారానికి ఒకసారి బాగున్నావా, తిన్నావా, వాన పడిందా అంటే సరిపోయేది. ఎదురెదురుగా కూర్చుంటే ఆ అరబ్బీ ఎంత చిన్నదో తెలిసింది. తొందరగా అన్న మాట ఉంది. కడుగు, తుడువు, కొయ్యి, ఇస్త్రీ చెయ్యి, చాలు. అన్నీ ఎవరో వీళ్ళకు చెప్పిన మాటలే. వీళ్ళు ఎవరికీ చెప్పాల్సిన అవసరం లేదని ఆ ఇంటివాళ్ళు అనుకున్న మాటలు ఆ వంటగదిలోకి రానేలేదు. చచ్చిపోయాడు అన్న మాట వచ్చు. దాని తర్వాత మాట రాదు.

మరిడమ్మ వాకిట్లోకి చూసింది. అప్పుడు తెలుగులో మొదలుపెట్టింది.

"మా ముత్యాలు ఆటో తీసేటప్పుడు ముందు దాన్ని ఒకటి తిట్టేవోడు కుసుమా. తిడితేగాని కదలదనేవోడు."

హేమ తలుపు దగ్గర ఆగిపోయింది. ఆవిడకు తెలుగు రాదు పిన్నీ అనబోయి, అనలేదు.

మరిడమ్మ చెబుతూనే ఉంది. ముత్యాలు చారులో ఉప్పు ఎక్కువ వేసుకునేవాడని, కొడుకును భుజాల మీద ఎక్కించుకుని తీర్థాలకు తీసుకెళ్ళేవాడని, ఫోనులో ఆఖరిసారి దగ్గుతుంటే డాక్టరుకు చూపించుకోమని తను కసిరిందని. దహనానికి ఎవరెవరు వచ్చారో ఇప్పటికీ తనకు సరిగ్గా తెలియదని. కుసుమ విన్నది. అయ్యాక ఆమె తన భాషలో మొదలుపెట్టింది. కాలు గురించి కావచ్చు, బియ్యం కొట్టు తలుపు గురించి కావచ్చు, ఆమెకూ ఎవరో పోయి ఉండవచ్చు. మరిడమ్మకు ఒక్క ముక్క అర్థం కాలేదు. మధ్యమధ్య "ఆయ్" అంటూ విన్నది.

ఒకరి తర్వాత ఒకరు అలా పొద్దు వాలేదాకా చెప్పుకున్నారు. హేమ ఫోనులో దాచుకున్న చూడవలసిన చోట్లన్నీ పక్కన పెట్టేసి, లోపల కుసుమ కోడలితో కలిసి కూరగాయలు తరిగింది.

మరిడమ్మకు కన్నీళ్ళు రాలేదు. గొంతు మాత్రం బొంగురుపోయింది, చాలాసేపు మాట్లాడినవాళ్ళకు పోయినట్టు.